పాటలు రాస్తానంటున్న అబ్బాయిని ఇంజనీరింగ్‌లో చేర్చాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఇంజనీరింగ్ వద్దు, సినిమా పాటలు రాస్తానంటున్నాడు. నోటుబుక్కుల నిండా కవితలే. ఏం చేయమంటారు? (ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: అమ్మా, బాబు కోరికను కొట్టిపారేయకండి. అలాగని ఆ నోటుబుక్కులు చూసి చదువూ మాన్పించకండి. కవిత రాయడం వేరు, బాణీకి రాయడం వేరు. వాడికి రెండోది వస్తుందో లేదో ముందు తేలాలి.

మన సినిమాల్లో చాలావరకు బాణీయే ముందు పుడుతుంది. దర్శకుడు సందర్భం చెబుతారు, సంగీత దర్శకుడు తననాలతోనో డమ్మీ మాటలతోనో ట్యూన్ ఇస్తారు. 'తానన తానా' అని వచ్చిందనుకోండి. 'వానలు రావా' అంటే అతికినట్టు సరిపోతుంది. 'వర్షం కురిసె' అంటే అవీ ఐదక్షరాలే, కానీ బాణీ పొట్టిగా కోరిన రెండో చోట గురువు (సాగే అక్షరం) పడింది, సాగదీయాల్సిన చివర లఘువు (పొట్టి అక్షరం) మిగిలింది. గాయకుడు పాడలేడు. పదో తరగతిలో మార్కుల కోసం బట్టీ పట్టిన గురులఘువులే ఇక్కడ పనిముట్లు.

ఈ వేసవిలో వాడికి తెలిసిన బాణీలు కొన్నింటికి కొత్త సందర్భంతో పల్లవి, రెండు చరణాలు రాయించండి. ఒక్కో పల్లవికి ఐదారు రకాలు అడగండి. బాగాలేదు, మళ్లీ రాయమంటే విసుక్కోకుండా కూర్చుంటున్నాడా? నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. 2023లో ఆస్కార్ గెలిచిన 'నాటు నాటు' చాలా భాగం ఒక్క పూటలోనే వచ్చేసినా, మిగిలింది పూర్తవడానికి ఏడాదిన్నర పైనే పట్టిందని ఆ పాట రాసిన చంద్రబోస్ గారే చెప్పారు. ఆయన ఇంజనీరింగ్ చదివినవారే. సిరివెన్నెల గారు టెలిఫోన్ శాఖలో, సుద్దాల అశోక్ తేజ గారు బడిలో పనిచేసి వచ్చారు. ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య నెలలు గడుస్తాయి, హైదరాబాద్‌లో అద్దె మాత్రం ఆగదు. కాబట్టి డిగ్రీ తప్పనిసరి. లెక్కలంటే నిజంగా ఇష్టం లేకపోతే ఇంజనీరింగే అక్కర్లేదు, బీఏ తెలుగు మంచి దారి.

హక్కుల సంగతి ఇప్పుడే చెప్పండి. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం, థియేటర్‌లో సినిమాతో పాటు ఆడినప్పుడు తప్ప, రేడియో, టీవీ, స్ట్రీమింగ్ లాంటి చోట్ల పాట వాడితే వచ్చే రాయల్టీలో రచయితకు, పాట హక్కులు తీసుకున్నవారితో సమాన వాటా ఉంది. వారసులకో, రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకో తప్ప ఆ వాటాను ఎవరికీ రాసివ్వడానికి చట్టం ఒప్పుకోదు. పాటలు బయటికొచ్చాక అలాంటి సొసైటీ అయిన ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోవాలి. కొత్త కుర్రాళ్లు తెరమీద పేరు పడితే చాలనుకుని ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తారు. అది చూస్తే నాకు చాలా బాధ.

అవకాశం ఇప్పిస్తాం, డబ్బు కట్టండి అని ఎవరైనా అంటే ఒక్క రూపాయి ఇవ్వకండి. రాసిన పాట ఎవరికైనా వినిపించే ముందు, తేదీ పడేలా తన మెయిల్‌కే ఒక కాపీ పంపుకోమనండి.