ముందు తీగ పీకు, తర్వాతే డబ్బా

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియో చూశాను. సూర్యుడి మీద మంట లేవడం, మర్నాడు ఊళ్లో ఫోన్లన్నీ నిప్పురవ్వలు కక్కుతూ పేలిపోవడం, చివర్లో ఫోన్లను కాపాడుతుందంటూ ఒక నల్ల సంచీ అమ్మకం. "పెదనాన్నా, ఇది కొననా, ఇంట్లోనే ఏదైనా చేసుకోవచ్చా?" అని అడిగావు. కొనకు. ఇంట్లోనే లోహపు డబ్బాతో చేసుకోవచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు. కాకపోతే దేని కోసం చేస్తున్నావో ముందు తెలియాలి. ఆ వీడియో తీసినవాడు రెండు వేరే వేరే సంగతుల్ని ఒకే గాటన కట్టేశాడు.

సూర్యుడి సంగతి ముందు చెబుతాను. సౌర తుఫాను వచ్చినప్పుడు భూమి అయస్కాంత క్షేత్రం కదులుతుంది, కానీ ఆ కదలిక నిమిషాల లెక్కన, నింపాదిగా ఉంటుంది. అంత నెమ్మదిగా మారేదానికి పట్టు దొరకాలంటే వందల కిలోమీటర్ల తీగ కావాలి. నీ ఫోన్లో అంత తీగ ఎక్కడుంది? 1859 సెప్టెంబరు మొదట్లో వచ్చిన పెద్ద తుఫానప్పుడు అమెరికాలో కొన్ని టెలిగ్రాఫ్ లైన్లు బ్యాటరీ తీసేసినా పనిచేశాయి. లైన్లోకి అంత కరెంటు దానంతట అదే వచ్చింది. మన బొంబాయి కొలాబా అబ్జర్వేటరీలో అప్పుడు రాసిపెట్టిన అంకెల్ని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తిరగేస్తుంటారు. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్‌లో గ్రిడ్ మొత్తం నిమిషన్నరలో కూలిపోయి, 60 లక్షల మందికి తొమ్మిది గంటల దాకా కరెంటు లేదు. పోయింది గ్రిడ్డే, జనం చేతి గడియారాలు కాదు. మనం భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఆ దెబ్బ మనకు కెనడా అంత గట్టిగా తగలదు. 2024 మేలో వచ్చిన తుఫానుకు లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. ఆ రాత్రి మీ కాకినాడలో కరెంటు పోయి ఉంటే, అది ఎప్పుడూ పోయేదే.

పైగా సూర్యుడి మీద లేచినది ఇక్కడికి చేరడానికి ఎంత వేగంగా వచ్చినా సగం రోజు పైనే పడుతుంది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన మన వ్యోమనౌక ఆదిత్య-ఎల్1 సూర్యుడి మీదే కన్నేసి ఉంది. వార్త ముందే వస్తుంది. వచ్చాక నువ్వు చేయాల్సింది టీవీ, ఫ్రిజ్, రూటరు ప్లగ్గులు పీకడం, అంతే. దీనికి డబ్బా అక్కర్లేదు.

డబ్బా అవసరమయ్యేది రెండో సంగతికి, అంటే ఆకాశంలో బాగా ఎత్తున అణుబాంబు పేలితే ఒక్కసారిగా వచ్చి తగిలే తరంగానికి, విద్యుదయస్కాంత పల్స్‌కి (ఈఎంపీ). 1962 జూలైలో అమెరికావాళ్లు పసిఫిక్ సముద్రం మీద 400 కిలోమీటర్ల ఎత్తున ఒకటి పేల్చారు. దాని పేరు స్టార్‌ఫిష్ ప్రైమ్. పద్నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న హవాయిలో దాదాపు 300 వీధి దీపాలు ఆరిపోయాయి, దొంగల అలారాలు మోగాయి. అదే ఏడాది అక్టోబరు 22న, క్యూబా గొడవ మీద అమెరికా అధ్యక్షుడు కెనెడీ టీవీలో మాట్లాడిన రోజునే, సోవియట్‌వాళ్లు కజకిస్తాన్ మీద ఇంకొకటి పేల్చారు. అక్కడ 570 కిలోమీటర్ల టెలిఫోన్ లైను మీద ఫ్యూజులన్నీ పోయాయి. మూడడుగుల లోతున పాతిపెట్టిన కరెంటు కేబులు కూడా తప్పించుకోలేదు.

నాకు ఆ టెలిఫోన్ లైను సంగతి చదివితే ఆశ్చర్యమేమీ అనిపించలేదు. నేను పనిచేసిన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, బయటి లైన్లన్నీ వచ్చి చేరే ఎండీఎఫ్ చట్రం మీద ప్రతి జత తీగకూ పిడుగు దెబ్బను అడ్డుకునే అరెస్టరు ఒకటి ఉండేది. పిడుగుల కాలంలో ముందు పోయేవి పొలాల మీదుగా పొడుగ్గా వచ్చే లైన్లు. ఎక్స్ఛేంజి పక్క వీధి నంబర్లకు ఏమీ అయ్యేది కాదు. తీగ ఎంత పొడుగైతే అంత పట్టుకొస్తుంది. పిడుగైనా, సూర్యుడైనా, బాంబైనా సూత్రం అదే. తేడా వేగంలో. బాంబు పల్స్‌లో మొదటి భాగం సెకనులో వంద కోట్లవ వంతులు కొన్నింటిలోనే పూర్తి ఎత్తుకు లేస్తుంది, మీటరుకు 50,000 వోల్టుల దాకా. అంత చురుకైనదానికి పొడుగు లైనే ఉండక్కర్లేదు, మూరెడు చార్జరు వైరు కూడా ఏంటెనా అయిపోతుంది. లోపలి చిప్పులు తట్టుకోలేకపోవచ్చు. అందుకే డబ్బా.

ఇక డబ్బా చేసే పద్ధతి. మూత గట్టిగా దిగే లోహపు డబ్బా ఏదైనా సరే. బియ్యం పోసుకునే జీఐ (జింకు పూత వేసిన) రేకు డ్రమ్ము మంచిది, స్టీలు డబ్బా కూడా పనికొస్తుంది. అటక మీద మీ నానమ్మ ట్రంకు పెట్టె ఉంది కదా, దాని జోలికి వెళ్లకు. దాని మూత అంచు మీద సమంగా కూర్చోదు, నాలుగు చోట్ల ఆనుతుంది, మిగతా అంతా సందే. పైగా లోపలా బయటా రంగు.

నీ శ్రమలో ముప్పాతిక వంతు మూత దగ్గరే పెట్టు. అందరూ రేకు మందం గురించి అడుగుతారు. నిజానికి ఇంత వేగమైన తరంగానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ మూడు నాలుగు పొరలు కూడా బాగానే అడ్డుపడతాయి. తంటా అంతా సందులతోనే. సందు ఎంత వెడల్పు అన్నది కాదు, ఎంత పొడుగు అన్నది చూడాలి. అక్కడక్కడ మేకు బెజ్జాలు ఉన్నా పెద్ద నష్టం లేదు కానీ, వెంట్రుకవాసి సందు జానెడు పొడుగుంటే అది తరంగాన్ని లోపలికి తెస్తుంది. కాబట్టి మూతా డబ్బా ఆనే చోట రెండు వైపులా రంగు, తుప్పు, జిడ్డు పోయి లోహం మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్దు. రబ్బరు రింగు ఉంటే తీసి పారెయ్. దాని బదులు ఫాయిల్‌ను నాలుగైదు మడతలు పెట్టి పట్టీలా చేసి అంచు చుట్టూ పరిచి, దాని మీద మూత బిగించు. అంట్లు తోమే స్టీలు పీచు విప్పి పరిస్తే ఇంకా బాగా నొక్కుకుంటుంది గానీ, దాని పోగులు లోపల రాలి సర్క్యూట్ల మీద పడితే పనంతా చెడుతుంది. వాడితే అంచుకు బయటివైపే వాడు. పైన ఏసీ పైపులకు చుట్టే అల్యూమినియం టేపు చుట్టేస్తే మూత కదలదు. ఆ టేపు జిగురు చాలా రకాల్లో కరెంటు ప్రవహించనివ్వదు, అందుకని టేపు ఒక్కదాన్నే నమ్ముకోకు. లోహం లోహాన్ని తాకితేనే లెక్క.

లోపల అడుగున, గోడలకు, మూత కింద పొడి అట్ట ముక్కలు పెట్టు. వస్తువులేవీ రేకుకు తగలకూడదు. ఒక్కో వస్తువునీ ముందు ప్లాస్టిక్ కవరులో వేసి, దాని చుట్టూ రెండు పొరలు ఫాయిల్ చుట్టి, చివర్లు మడిచి లోపల పెడితే డబ్బాలో డబ్బా అయినట్టు. ఫాయిల్ చిరిగితే మళ్లీ చుట్టు, బద్ధకించకు.

ఒక్క తీగ కూడా లోపలి నుంచి బయటికి రాకూడదు. "చార్జింగ్ పెట్టుకోవడానికి చిన్న బెజ్జం చేస్తాను" అని మీ ఆయన అంటాడు, నాకు తెలుసు, ఇంజనీరు కదా. వద్దని చెప్పు. ఆ తీగ బయట పట్టినదంతా లోపలికి మోసుకొస్తుంది, డబ్బా ఉన్నా లేనట్టే.

ఎర్తింగు ఇవ్వాలా అని అడిగావు. అక్కర్లేదు. శాస్త్రజ్ఞుడు ఫారడే 1836లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పన్నెండడుగుల గది కట్టి, దాని గోడలకు లోహపు తొడుగు వేసి, బయట నుంచి బలంగా కరెంటు ఎక్కించి లోపల కూర్చున్నాడు. ఆ గదికి ఎర్తు లేదు, నేలకు తగలకుండా కట్టాడు. లోపల అతని పరికరాలకు ఏమీ తెలియలేదు. బయటి లోహం మీద విద్యుదావేశం సర్దుకుని లోపలి క్షేత్రాన్ని రద్దు చేస్తుంది, దానికి భూమితో పని లేదు. చిన్న డబ్బాకు ఎర్తు తీగ తగిలిస్తే అదనంగా ఇంకో ఏంటెనా ఇచ్చినట్టే.

మైక్రోవేవ్ ఓవెన్లో పెట్టమని చెప్పేవాళ్లుంటారు. దాని తలుపు 2.45 గిగాహెర్ట్జ్ తరంగం ఒక్కదాన్ని ఆపడానికి చేసింది. పల్స్‌లో బలమంతా ఉండేది దానికి చాలా కింద, వంద మెగాహెర్ట్జ్ లోపు. పైగా ఎవరో మర్చిపోయి ఆన్ చేస్తే చాలు. దోమల జాలి కూడా వద్దు, ఈ రోజుల్లో అది నైలానో ఫైబరో.

అయ్యాక పరీక్షించు. ఫోన్ లోపల పెట్టి, వైఫై, బ్లూటూత్ ఆన్‌లోనే ఉంచి, మూత బిగించి, కాసేపాగి ఇంకో ఫోన్ నుంచి రింగ్ ఇవ్వు. కవరేజ్ ఏరియాలో లేరని చెబితే మూత బాగానే కూర్చుందన్నమాట. మోగితే టెన్షన్ పడకు. టవరు పక్కనే ఉంటే ఫోన్లు చాలా బలహీనమైన సిగ్నల్‌ను కూడా పట్టేస్తాయి, డబ్బా పూర్తిగా పనికిరానిదని కాదు. మూత తీసి అంచు మళ్లీ రుద్దు. తర్వాత చిన్న ట్రాన్సిస్టర్లో ఎఫ్ఎం గట్టిగా పెట్టి మూసి చూడు, పాట ఆగి బుస్సుమనాలి. పల్స్‌కు దగ్గరగా ఉండే పరీక్ష ఇదే, ఎందుకంటే ఎఫ్ఎం కూడా వంద మెగాహెర్ట్జ్ చుట్టుపక్కలే. ఇవన్నీ సూచనలే. అసలు కొలతలు కావాలంటే విశాఖ దగ్గర గంభీరంలో సమీర్ అనే ఎలక్ట్రానిక్స్ పరిశోధన సంస్థవాళ్ల కేంద్రం ఇలాంటి పరీక్షల కోసమే ఉంది గానీ, బియ్యం డ్రమ్ము పట్టుకుని అక్కడికి వెళ్లకు.

లోపల ఏం పెడతావు? నువ్వు రాసిన జాబితాలో మొదట ఐఫోన్ ఉంది. తీసెయ్. రోజూ వాడేది డబ్బాలో ఎలా ఉంటుంది? ఉన్నా టవర్లు పోయాక దాంతో ఏం చేస్తావు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు విశాఖలో చూశాం కదా, ఫోన్లు చేతిలో ఉన్నాయి, సిగ్నలే లేదు. మొదట పెట్టాల్సింది మీడియం వేవ్, షార్ట్ వేవ్ కూడా పట్టే చిన్న రేడియో, ఎందుకంటే ఊళ్లో స్టేషన్ మూగబోయినా దూరం నుంచి వినిపించేది అదే. తర్వాత ఒక ఎల్ఈడీ టార్చి, మీ అమ్మ షుగర్ చూసుకునే మిషన్ ఇంకొకటి, పాత ఫోన్లో ఆస్తి కాగితాలు, ఆధార్, మందుల చీటీల ఫొటోలు, ఒక మల్టీమీటరు. డాబా మీద చిన్న సోలార్ ప్యానెల్ పెట్టుకుంటే దాని చార్జ్ కంట్రోలర్ అదనంగా ఒకటి కొని ఇందులో పడెయ్. ఫోన్ నంబర్లు మాత్రం కాగితం మీద రాసుకో, దాన్ని ఏ పల్సూ చెరపదు. కారు గురించి భయపడకు. అమెరికా ఈఎంపీ కమిషన్ 37 కార్ల మీద ఇలాంటి పల్స్ ప్రయోగించి చూసింది. ఎక్కువ వాటికి పెద్ద నష్టం జరగలేదు, నడుస్తూ ఆగిపోయినవి కొన్నే, అవి కూడా మళ్లీ స్టార్టయ్యాయి.

ఇదంతా చెప్పి, నీ డబ్బులు ముందు వేరే చోట పెట్టమంటాను. మీ ఇంట్లో వస్తువులు పోతే పిడుగుకే పోతాయి, బాంబుకు కాదు. మొన్న కేబుల్ తీగ మీదుగా వచ్చి సెట్‌టాప్ బాక్సునీ టీవీనీ తీసుకుపోయింది పిడుగే కదా. మీటరు దగ్గర బోర్డులో, తీగలో ఒక్కసారిగా ఎగసే వోల్టేజిని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్షన్ డివైస్ ఒకటి వేయించు, సోలార్ ప్యానెల్ తీగకు డీసీది వేరే కావాలి. ఎర్తింగు గొయ్యి వేసవిలో ఎండిపోతుంది, బొగ్గూ ఉప్పూ వేసి ఉన్నా నీళ్లు పోయకపోతే లాభం లేదు. డబ్బాకు ఎర్తు అక్కర్లేదన్నాను, ఇంటికి మాత్రం తప్పనిసరి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎంవాళ్ల దామిని యాప్ ఫోన్లో పెట్టుకో, పిడుగులు దగ్గరకొస్తే చెబుతుంది. అప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి, రూటరుకూ టీవీకీ వచ్చే కేబుల్ తీగ కూడా లాగెయ్యాలి. ఆకాశం గర్జిస్తున్నప్పుడు కాదు, మబ్బు పట్టగానే.

డబ్బా చేసి అటక ఎక్కించి మర్చిపోకు. కాకినాడ గాలికి రేకు ఏడాదిలో పువ్వు పట్టినట్టు తుప్పు పడుతుంది, నువ్వు మెరిపించిన అంచే ముందు పాడవుతుంది. బట్టల షాపువాళ్లు పెట్టే సిలికా జెల్ ప్యాకెట్లు కొన్ని లోపల వెయ్యి. టార్చిలోంచి, రేడియోలోంచి సెల్సు తీసి విడిగా ఉంచు, లోపలే కారితే రేడియో పోతుంది. పాత ఫోన్ బ్యాటరీ సగం చార్జితో పెట్టి, వేసవికోసారి, దసరాకోసారి తీసి మళ్లీ సగానికి తెచ్చుకో. అప్పుడే అంచుకు ఎమరీ కాగితం ఒక చుట్టు తిప్పేసెయ్.

జీఐ డ్రమ్ము కొత్తది కొనకు. మా పెరటి గదిలో మూత బాగా బిగిసే డ్రమ్ము ఒకటి ఖాళీగా పడి ఉంది, వచ్చే ఆదివారం మీ నాన్న ఇటు వస్తాడుగా, వాడి చేత పంపిస్తాను.

పెదనాన్న