నాటక సమాజం వారి ఎంపికకు మొదటిసారి వెళ్తున్నవారికి

మీ ప్రశ్న సారాంశం ఇది: హనుమకొండలో ఉద్యోగం చేస్తున్నారు, కాలేజీ రోజుల్లో స్టేజీ ఎక్కడం తప్ప వేరే అనుభవం లేదు, కొత్త నాటికకు నటీనటులు కావాలని ఒక స్థానిక సమాజం వారు వాట్సాప్‌లో పెట్టిన ప్రకటన చూసి ఫోన్ చేస్తే ఆదివారం రమ్మన్నారు. అక్కడ ఏం అడుగుతారు, ఎట్లా సిద్ధం కావాలి, మాటలో యాస ఉంటే వద్దంటారా, డబ్బేమైనా కట్టాలా అన్నవి మీ సందేహాలు. నేను వరంగల్‌లో చాలా ఏళ్లుగా ఉద్యోగం చేసుకుంటూనే నాటకాలలో వేషాలు వేస్తున్నాను. కొంతకాలంగా దర్శకుడి పక్కన కూర్చుని కొత్తవారిని చూసే పని కూడా నాకు అప్పగిస్తున్నారు కాబట్టి బల్లకు ఇటువైపూ అటువైపూ ఏం జరుగుతుందో తెలిసినంత చెబుతాను.

మన దగ్గర నాటక సమాజాలను నడిపేవారు ఎవరో ముందు గుర్తుంచుకోవాలి. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, కాజీపేట రైల్వేలో పనిచేసేవారు, వకీళ్లు, పదవీ విరమణ చేసినవారు పగలంతా తమ తమ పనులు చూసుకుని, సాయంత్రం ఏ బడి గదిలోనో కాలనీ కమ్యూనిటీ హాలులోనో కలుసుకుని, నెల నుంచి రెండు నెలల దాకా రిహార్సల్ చేస్తారు. నాటికలో పాత్రలే నాలుగైదు ఉంటాయి; అందులో ఒక్కరు రాకపోయినా ఆ సాయంత్రం అందరిదీ వృథా అవుతుంది. కాబట్టి ఎంపికలో కూర్చున్నవారి మనసులో ఉండే మొదటి ప్రశ్న ఈ మనిషి ప్రదర్శన దాకా నిలబడతాడా అన్నది. ప్రతిభ ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది. చెప్పిన వేళకు పది నిమిషాల ముందే రావడం, వచ్చాక ఫోన్ పక్కన పెట్టడం, తన వంతు అయ్యాక కూడా ఇతరులు చదువుతుంటే కూర్చుని వినడం మీకు చిన్న విషయాలుగా కనిపించవచ్చు గాని, అటువైపు కూర్చున్నవాళ్లం వీటినే ఎక్కువగా చూస్తాం.

ఎంపిక అంటే సాధారణంగా రీడింగ్. నాటికలోంచి రెండు మూడు పేజీలు చేతికిచ్చి, ఎదుట మరొకరిని కూర్చోబెట్టి చదవమంటారు. మొదటిసారి చదివినప్పుడు తడబడినా ఎవరూ పట్టించుకోరు. అసలు పరీక్ష రెండోసారి వస్తుంది. దర్శకుడు మధ్యలో ఆపి, ‘ఈ తండ్రికి కోపం లేదు, అలిసిపోయి ఉన్నాడు, అట్లా చెప్పండి’ అంటాడు. చాలామంది అదే మాటను అదే వరుసలో కాస్త నెమ్మదిగా చెబుతారు తప్ప లోపల ఏమీ మారదు. మార్చగలిగినవారు, మార్చబోయి విఫలమైనా సరే, దర్శకుడి దృష్టిలో పడతారు, ఎందుకంటే రిహార్సల్‌లో ఆయన వారితో చేయబోయే పని మొత్తం అదే.

ఇంకొకటి, ఎదుటివారి మాట వినడం. ఒకసారి మా దగ్గరికి ఒక ఉపాధ్యాయురాలు వచ్చారు. తల్లి పాత్ర చదువుతున్నారు. ఎదుట కొడుకు పాత్ర చదువుతున్న అబ్బాయి కంగారులో ఒక మాట దాటేసి తర్వాతి మాటకు వెళ్లిపోయాడు. దాంతో ఆవిడ కాగితంలో ఉన్న జవాబుకు అర్థం లేకుండా పోయింది. ఆవిడ కాగితం కిందికి దించి, ఆ అబ్బాయి ముఖంలోకి ఒక క్షణం చూసి, ‘ఏదో చెప్పబోయి మింగినవ్, చెప్పు’ అన్నారు. అబ్బాయికి తాను వదిలిన మాట గుర్తుకొచ్చి చెప్పాడు, సన్నివేశం మళ్లీ గాడిలో పడింది. ఆవిడ ఉచ్చారణలో సరిదిద్దవలసినవి చాలా ఉన్నా పాత్ర ఆవిడకే దక్కింది, ఆ రోజు గదిలో ఉన్నవారెవరికీ అందులో అనుమానం కలగలేదు. స్టేజీ మీద మాట మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది. తెర వెనుక నుంచి మాట అందించే ప్రాంప్టర్ ఉన్నా ఆయన గొంతు ప్రేక్షకులకు వినిపించకుండా పని జరగాలంటే ఎదుట ఇటువంటి మనిషి ఉండాలి.

సినిమా డైలాగులు సిద్ధం చేసుకుని వెళ్లాలా అన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. ఇది ధ్వన్యనుకరణ సామ్రాట్ నేరెళ్ల వేణుమాధవ్ పుట్టిన ఊరు. పబ్లిక్ గార్డెన్‌లో ఆయన పేరున కళాప్రాంగణమే ఉన్నది. అందువల్ల కావచ్చు, ఎంపికకు వచ్చే యువకుల్లో సగం మంది ఎవరో ఒక హీరో గొంతును దింపేస్తారు. ధ్వన్యనుకరణ దానికదే ఒక విద్య, దాని మీద నాకు గౌరవం ఉన్నది. కాని మీరు మరొకరి గొంతుతో మాట్లాడినంతసేపూ మీ గొంతు ఎట్లా ఉంటుందో దర్శకునికి తెలియదు. ఏదైనా చేసి చూపించమంటే రెండు నిమిషాలకు మించని, మీ వయసుకు తగిన, నలుగురూ విని విని అరిగిపోని ఒక స్వగతం చాలు. ఏడుపు, తాగినవాడి తూలుడు, పిచ్చినవ్వు మాత్రం దయచేసి వద్దు; వాటిని చూసి చూసి మాకు విసుగు పుట్టింది.

యాస సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి నటులు కొందరు ఈ జంకుతోనే అసలు రావడం మానేస్తున్నారు. పోటీల కోసం వేసే నాటికల్లో ఎక్కువ భాగం కోస్తా జిల్లాల రచయితలు రాసినవి; వాటి భాష ఆ ప్రాంతపు చదువుకున్నవారి భాషకు దగ్గరగా ఉంటుంది. అట్లాంటి నాటికకు రమ్మంటే స్క్రిప్టులో ఉన్న క్రియారూపాలను ఉన్నట్టే పలకాలి, ‘వచ్చావు’ అని ఉంటే ‘వచ్చినవ్’ అనకూడదు. కాని ఇటీవల తెలంగాణ పల్లె కథలతో, మన మాటతోనే నడిచే నాటికలు కూడా వస్తున్నాయి. అక్కడ మీ ఇంటి భాషే మీకు పెట్టుబడి. నేను చూసిన ఇబ్బంది వేరే చోట ఉన్నది: వరంగల్‌లో పుట్టి పెరిగినవారు కూడా ‘తెలంగాణ పాత్ర’ అనగానే సినిమాల్లో వినిపించే కృత్రిమమైన యాసలోకి జారిపోయి, ప్రతి మాటకూ ముందు ‘గ’ తగిలిస్తారు. మీ అమ్మ మిమ్మల్ని ‘ఎప్పుడొచ్చినవ్ బిడ్డా, బువ్వ తిన్నవా?’ అని ఎట్లా అడుగుతుందో అట్లా పలికితే చాలు. ఏ నాటిక అయినా సరే స్పష్టత తప్పనిసరి. ఒత్తులు పలకడం, ‘ణ’ను ‘న’గా, ‘ళ’ను ‘ల’గా జార్చకపోవడం, వాక్యం చివరి మాటను మింగకపోవడం అలవాటు చేసుకోవాలి. ఆదివారం వరకు రోజూ పొద్దున పత్రికలో సంపాదకీయం పైకి చదవండి. వాక్యాలు పొడుగ్గా ఉంటాయి కనుక ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా తెలిసివస్తుంది.

మనం వేసే హాళ్లలో మైకులు స్టేజీ ముందు భాగంలోనో పైనుంచి వేలాడుతూనో ఉంటాయి. నటుడు నాలుగడుగులు వెనక్కి వేస్తే గొంతు అందదు. అందుకే రీడింగ్ చిన్న గదిలో జరిగినా దర్శకుడు కొన్నిసార్లు లేచి గది చివరకు వెళ్లి నిలబడతాడు. అది మీరు చదివింది నచ్చక కాదు, కంగారు పడకండి. అరవకుండా, పొట్టలోంచి ఊపిరి పెట్టి చెబితే మాట చివరిదాకా వెళ్తుంది. లేచి నడవమన్నప్పుడు కుడి, ఎడమ అంటే ప్రేక్షకులకు ఎదురుగా నిలబడిన నటుడి కుడి, ఎడమ అని గుర్తుంచుకుంటే చాలు, మిగతావి రిహార్సల్‌లో నేర్పిస్తారు.

అనుభవం లేదని రాశారు. ఆ మాట అక్కడ చెప్పే ముందు ఒకసారి ఆలోచించండి. పరకాల వైపు నుంచి వచ్చిన ఒకతను మాతో కూడా అట్లాగే అన్నాడు. లేచి నిలబడి, నడిచి, తిరిగిన తీరు చూస్తే మాకు నమ్మబుద్ధి కాలేదు; తరచి అడిగితే ఊళ్లో చిరుతల రామాయణంలో లక్ష్మణుడి వేషం కట్టేవాడినని, అది నాటకం కిందికి రాదేమోనని చెప్పలేదని అన్నాడు. రాత్రంతా చిరుతలనే చెక్క తాళాలు పట్టుకుని ఆడుతూ, పాడుతూ, మైకు లేకుండా ఊరంతటికీ వినిపించేలా మాట చెప్పినవాడికి మేము కొత్తగా నేర్పవలసింది కొంచెమే. చిందు యక్షగానం, ఒగ్గు కథ ఇంకా బతికి ఉన్న ప్రాంతం మనది. జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. మీ ఊళ్లో భజన మండలిలో తాళం వేసినా, బతుకమ్మ పాటకు గొంతు కలిపినా, కోలాటం ఆడినా చెప్పండి.

పద్యనాటకం అయితే పద్ధతి వేరు. హార్మోనిస్టు ఉంటాడు, మీ శ్రుతి ఎంత అని అడుగుతాడు, ఒక పద్యం పాడమంటాడు. బడిలో కంఠస్థం చేసిన భాగవత పద్యమైనా సరిపోతుంది గాని, రాగం తీయడంలో పడి పద్యంలోని మాటలను నలిపేయకూడదు. మీరు చూసిన ప్రకటన సాంఘిక నాటికకు కాబట్టి దీన్ని ఇంతటితో వదిలేస్తాను.

మీరు స్త్రీయా పురుషుడా అన్నది రాయలేదు. స్త్రీలైతే మిమ్మల్ని ఏ సమాజమైనా సంతోషంగా ఆహ్వానిస్తుంది, ఎందుకంటే స్థానికంగా నటీమణులు దొరకక, పారితోషికం ఇచ్చి బయటి ఊళ్ల నుంచి పిలిపించుకోవడం తెలుగు నాటకరంగంలో చాలాకాలంగా ఉన్న వాడుక. అట్లా వచ్చేవారు అనుభవజ్ఞులు, సమర్థులు. కాని వారు ఒకేసారి అనేక సమాజాలతో పనిచేస్తారు కనుక రిహార్సల్‌కు చివరి రోజుల్లో మాత్రమే రాగలరు. మీకు ఆ గిరాకీ ఉన్నది కాబట్టి మొహమాటం లేకుండా షరతులు ముందే మాట్లాడుకోండి: రిహార్సల్ ఎన్ని గంటలకు ముగుస్తుంది, రాత్రి ఇంటికి ఎవరు దింపుతారు, బృందంలో మరో స్త్రీ ఉంటారా అని అడగండి. మొదటి రోజు ఇంట్లోవారినో స్నేహితురాలినో వెంట తీసుకెళ్లండి. మంచి సమాజం వారు వెంట వచ్చినవారికి కూడా కుర్చీ వేసి చాయ్ ఇస్తారు. ముఖం చిట్లించే చోట మీకు పని లేదు.

సమయం, ప్రయాణం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఆ నాటిక ఒక్క స్థానిక ప్రదర్శన కోసమా, పరిషత్తులు అనే నాటక సంస్థలు పెట్టే పోటీల కోసమా అన్నది తప్పక కనుక్కోండి. స్థానికమైతే పబ్లిక్ గార్డెన్‌లోనో, 2024 నవంబరులో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రంలోనో ఒక సాయంత్రంతో ముగుస్తుంది. పరిషత్తుల కోసమైతే ఎక్కువసార్లు కృష్ణా, గుంటూరు వైపు పట్టణాలకు వెళ్లాలి. సెట్టు సామానుతో రాత్రి బండెక్కి, తెల్లవారి దిగి, గంట లోపు నాటిక ఆడి, మళ్లీ రాత్రికి బయలుదేరి, మర్నాడు ఆఫీసులో సంతకం పెట్టవలసి ఉంటుంది. అది నాకు ఇష్టమైన తిరుగుడే గాని, సెలవులు దొరకని ఉద్యోగమైతే ముందే చెప్పి చిన్న పాత్ర అడగడం మేలు. నర్సంపేట, జనగామ, మహబూబాబాద్ నుంచి వచ్చేవారు ఆఖరి బస్సు వేళ కూడా మొదటి రోజే చెప్పాలి. దర్శకులు వారి సన్నివేశాలు ముందుగా చేయించి పంపించేస్తారు.

డబ్బు విషయానికి వస్తే, ఔత్సాహిక సమాజంలో మీకు ఎవరూ జీతం ఇవ్వరు. మీరూ పాత్ర కోసం ఎవరికీ పైకం ఇవ్వకూడదు. హాలు అద్దె, మేకప్, లైటింగ్, సెట్టు, వ్యాను కిరాయి వంటి ఖర్చులకు సభ్యులందరూ చందా వేసుకోవడం ఉన్నది, అది లెక్క చూపించి అడిగేది. ప్రధాన పాత్రకు ఇంత అని బేరం పెట్టేవారు, శిక్షణ పేరుతో పెద్ద మొత్తం తీసుకుని సినిమాలో అవకాశం ఇప్పిస్తామనేవారు తారసపడితే లేచి వచ్చేయండి.

పాత్ర రాకపోతే, ప్రాంప్టింగ్ చేస్తానని అడిగి చూడండి. ప్రాంప్టర్ రోజూ రిహార్సల్‌లో ఉంటాడు, అందరి మాటలూ అతనికి కంఠతా వస్తాయి. ఎవరికైనా బదిలీ అయినా, జ్వరం వచ్చినా దర్శకుడు ముందుగా చూసేది అతని వైపే. మా దగ్గర ఇప్పుడు ప్రధాన పాత్రలు వేస్తున్నవారిలో ఒకరిద్దరు అట్లా వచ్చినవారే. లేదంటే మార్చి 27న ప్రపంచ రంగస్థల దినోత్సవం సందర్భంగా జరిగే సభలకు వెళ్లండి, వేర్వేరు సమాజాల వారు అక్కడ ఒకేచోట కలుస్తారు, ఎవరు ఏ నాటిక ఎత్తుకుంటున్నారో తెలుస్తుంది.

ఆదివారానికి ముందు ఆ నంబరుకు మరోసారి ఫోన్ చేసి స్క్రిప్టు పంపగలరా అని అడగండి. ఈ రోజుల్లో చాలామంది పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపుతున్నారు. పంపితే మీకు ఇస్తారనుకున్న పాత్రనే కాకుండా నాటిక మొత్తం చదవండి, ఎందుకంటే అక్కడికి వెళ్లాక మీ వయసు, ఒడ్డూ పొడుగూ చూసి వేరే పాత్ర చదవమనే అవకాశమే ఎక్కువ. పంపకపోతే, పేజీలు చేతికిచ్చినప్పుడు ఈ మనిషి ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నాడు, దీనికి ముందు ఏం జరిగింది అని అడిగి తెలుసుకుని, అప్పుడు చదవడం మొదలుపెట్టండి. కళ్లద్దాలు వాడేవారైతే మరిచిపోకుండా తీసుకెళ్లండి. ఆ జిరాక్సు కాపీల్లో అక్షరాలు చాలా చిన్నగా ఉంటాయి.