క్యాన్సర్ రాకూడదని విటమిన్ మాత్రలు వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. పాతికేళ్లు రోజుకో పెట్టె సిగరెట్లు తాగాను. ఇప్పుడు నాలుగైదుకు తగ్గించాను. మా నాన్నగారు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. ఆ భయంతో రెండేళ్లుగా బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం కలిపిన యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్స్, వాటితోపాటు విటమిన్ డి వేసుకుంటున్నాను. ఇవి క్యాన్సర్‌ను ఆపుతాయా? ఆపకపోయినా నష్టమైతే లేదు కదా?

జవాబు: ముందు మీ రెండో ప్రశ్న సంగతి చూద్దాం. నష్టం ఉంది. అదీ మీలా సిగరెట్ తాగేవారికే ఎక్కువ. ఆ క్యాప్సూల్స్ ఈ రోజే ఆపేయండి.

పండ్లు, కూరగాయలు బాగా తినేవాళ్లకు క్యాన్సర్ తక్కువగా వస్తోందని గమనించి, వాటిలోని బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే సరిపోతుందేమోనని ఒకప్పుడు డాక్టర్లు కూడా గట్టిగా ఆశపడ్డారు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేల మందిపై పరీక్షించి చూశారు. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. అమెరికాలో బీటా కెరోటిన్‌కు విటమిన్ ఎ కూడా జోడించి చేసిన మరో అధ్యయనంలో 28 శాతం ఎక్కువ కనిపించింది. దాంతో 1996లో దాన్ని గడువుకు ముందే ఆపేశారు. పొగతో దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో పెద్ద మోతాదు బీటా కెరోటిన్ కణాలను కాపాడకుండా ఎదురు తిరుగుతుందని ఒక వివరణ ఉంది. క్యారెట్లు తినడం మానక్కర్లేదు. గొడవంతా మాత్రలోని మోతాదుతోనే.

విటమిన్ ఇ కథా ఇలాంటిదే. 35 వేల మందికి పైగా మగవాళ్లపై జరిగిన అధ్యయనంలో రోజూ 400 యూనిట్లు వేసుకున్నవారికి ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చింది. సెలీనియం వల్ల ఏ లాభమూ కనిపించలేదు. మీ డబ్బా తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో ఏది ఎంత ఉందో ఒకసారి చదవండి. ముందువైపు ఉన్న ‘సహజం’ అనే మాటను మాత్రం పట్టించుకోకండి.

విటమిన్ డి విషయం వేరు. రక్తపరీక్షలో లోపం కనిపిస్తే ఎముకల కోసం డాక్టర్ చెప్పిన మోతాదులో వేసుకోండి. క్యాన్సర్ కోసమైతే అనవసరం. దాదాపు 26 వేల మందిని తీసుకుని, వారిలో సగం మందికి రోజూ 2000 యూనిట్లు ఇచ్చి ఐదేళ్లకు పైగా చూసినా క్యాన్సర్ వచ్చినవారి సంఖ్య తగ్గలేదు. మల్టీవిటమిన్‌తో కొద్దిపాటి లాభం కనిపించిన అధ్యయనం ఒకటి ఉన్న మాట నిజమే. కానీ దాన్ని నమ్ముకుని మందు రాసిచ్చేంత బలం అందులో లేదు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. మాత్ర వేసుకుంటున్నాను కదా అన్న ధీమాతోనే ఆ నాలుగైదు సిగరెట్లు మిగిలిపోయాయేమోనని నా అనుమానం. రోజుకు ఒకటి తాగినా ముప్పే. పూర్తిగా మానడానికి నికోటిన్ ప్యాచ్‌లు, చూయింగ్ గమ్, వరెనిక్లిన్ లాంటి మందులు ఉన్నాయి. ఊరికే మనోబలం మీద ఆధారపడేకంటే వీటి సాయంతో మానేసేవారే ఎక్కువ.

ఇక టెన్షన్ పడుతూ కూర్చోవడం ఎందుకు? 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసుండి, రోజుకో పెట్టె చొప్పున కనీసం 20 ఏళ్లు తాగినవారికి ఏటా లో డోస్ సీటీ స్కాన్ (తక్కువ రేడియేషన్‌తో ఊపిరితిత్తులను చూసే స్కాన్) చేయించుకోమని అమెరికా నిపుణుల సంఘం సలహా ఇస్తోంది. మీరు ఆ కోవలోకే వస్తారు. ఛాతీ వైద్యుడిని కలిసి దీని గురించి అడగండి. వెళ్లేటప్పుడు మీరు వేసుకునే మాత్రల డబ్బాలన్నీ వెంట తీసుకెళ్లండి. కఫంలో రక్తం పడినా, మూడు వారాలైనా దగ్గు తగ్గకపోయినా స్కాన్ తేదీ కోసం ఆగకుండా వెంటనే చూపించుకోండి.