పందుల్లో డీఎన్‌ఏ టీకా పరీక్షించబోయే అమ్మాయికి

అమ్మా,

ఎలుకల్లో టైటర్లు (రక్తంలో యాంటీబాడీల మోతాదు) బ్రహ్మాండంగా వచ్చాయని, వచ్చే నెల పందుల్లో మొదలుపెడుతున్నానని రాశావు. సంతోషం. అయితే ఎలుక లెక్కలన్నీ కొట్టం బయటే వదిలేసి లోపలికి వెళ్లు.

ఉత్త ప్లాస్మిడ్ (జన్యువును మోసే గుండ్రటి డీఎన్‌ఏ) ఎక్కించినా ఎలుక కండలో ప్రొటీన్ తయారవుతుందని 1990లో తేలింది. కానీ ఎలుక కండ ఎంతని! 50 మైక్రోలీటర్లకే ఉబ్బిపోతుంది. పంది మెడలో ఒక మిల్లీలీటరు పోసినా ఎటు ఇంకిపోయిందో తెలియదు. ప్లాస్మిడ్ కణంలో దూరి కేంద్రకం దాకా చేరితేనే పని మొదలయ్యేది. కాబట్టి మోతాదు పెంచుకుంటూ పోకుండా, ఎక్కించే పద్ధతి చూసుకో. చర్మంలోకి ఇవ్వు, లేదా మత్తిచ్చి ఎలక్ట్రోపోరేషన్ (చిన్న కరెంటు దెబ్బలతో కణాల పొరను కాసేపు తెరవడం) చెయ్యి. ప్లాస్మిడ్‌లో పెట్టే సీపీజీ వరుస (రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) కూడా రెండింటికీ ఒకటి కాదు. ఎలుకను బాగా కదిలించేది జీఏసీజీటీటీ అయితే, పందికి జీటీసీజీటీటీ.

ఇక పిల్లల సంగతి. పందిలో తల్లి యాంటీబాడీలు మాయ దాటి రావు, పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలతోనే వస్తాయి. వచ్చాక వారాల తరబడి ఉంటాయి. ఒకసారి తొందరలో నేను టీకాకు ముందు తీయాల్సిన రక్తం తీయలేదు. రెండు వారాలకు టైటర్లు చూసి పొంగిపోయాను. కాసేపటికి కంట్రోల్ (టీకా వేయని) పందుల పరీక్ష ప్లేటు చూస్తే అక్కడా యాంటీబాడీలున్నాయని చెప్పే అదే రంగు! నేను మురిసిపోయింది తల్లి పాల టైటర్లు చూసి. ఆ బ్యాచ్ మొత్తం వృథా. ఈ యాంటీబాడీలు డీఎన్‌ఏ టీకాకు అడ్డు రావని చాలామంది ఆశపడ్డారు కానీ, నువ్వు ఆ భరోసాతో ఉండకు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. మొదటి డోసు తర్వాత యాంటీబాడీలు దాదాపు కనిపించకపోవచ్చు. టెన్షన్ పడి టీకా పనిచేయలేదని రాసేయకు. ఛాలెంజ్ ఇచ్చాక, అంటే కావాలని వైరస్ ఎక్కించాక, దాన్ని అడ్డుకునే తటస్థీకరణ యాంటీబాడీలు కంట్రోల్ పందుల కన్నా ఎన్ని రోజులు ముందు లేచాయో చూడు. టీకా జ్ఞాపకం అక్కడ బయటపడుతుంది. పందుల ప్రాణం తీసే వైరస్ జబ్బు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌లో ఏం జరిగిందో గుర్తుందా? ఒక డీఎన్‌ఏ టీకా యాంటీబాడీలు బాగానే పుట్టించింది, పందులను మాత్రం కాపాడలేదు. అవే యాంటిజెన్లను (టీకాలోని వైరస్ ప్రొటీన్లను) యుబిక్విటిన్‌తో (ముక్కలు చేయాల్సిన ప్రొటీన్‌కు కణం తగిలించే గుర్తు) కలిపి ఇస్తే యాంటీబాడీలు కనిపించలేదు, కొన్ని పందులు మాత్రం బతికాయి. 2012లో వచ్చిన ఆ ఫలితం చదివాకే నేను యాంటీబాడీలు కొలిచే ఒక్క ఎలీసా పరీక్షతో తీర్పు చెప్పడం మానేశాను.

అందుకని కణాలు కూడా చూడు. ఇంటర్‌ఫెరాన్ గామా ఎలిస్పాట్ (ఆ ప్రొటీన్ విడుదల చేసే కణాలను లెక్కించే పరీక్ష) పెట్టు. దానికి తీసిన రక్తాన్ని ఫ్రిజ్‌లో దాచి రేపు చూద్దాం అనుకోకు, ఆ రోజే కణాలు వేరుచెయ్యి. కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే ఫ్లో సైటోమెట్రీలో సీడీ4, సీడీ8 అనే ఉపరితల గుర్తులు రెండూ ఉన్న కణాలు కనిపిస్తే మెషీన్‌ని తిట్టకు. పందిలో జ్ఞాపక సహాయక కణాలు (ముందు చూసిన వైరస్‌ను గుర్తుంచుకునే టీ కణాలు) చాలావరకు అలాగే ఉంటాయి.

ఛాలెంజ్ తర్వాత జ్వరం, బరువు, ముక్కు స్వాబ్‌లో వైరస్ ఎన్నాళ్లుందో రాసుకో. ఆజెస్కీ జబ్బు (పందుల హెర్పిస్ వైరస్ జబ్బు) లాంటి వాటిలో పంది బతికినంత మాత్రాన సరిపోదు, పక్క పందికి అంటించకుండా ఉండాలి. ఒక్కటి మరిచాను: జ్వరం చూసే మనిషిని మధ్యలో మార్చకు. కొత్త మనిషిని చూసి బెదిరి పరుగెత్తిన పందికి థర్మామీటర్ పెడితే అదీ జ్వరంలాగే కనిపిస్తుంది.