ఈతకొచ్చే డబ్బు, ఈతకయ్యే డబ్బు

అక్కా అని పిలిచి ఉత్తరం రాశావు కాబట్టి నువ్వు అనే అంటాను. విజయవాడ నుంచి డల్లాస్ వచ్చి ఏడాదయిందన్నావు. అబ్బాయి పదో గ్రేడు, అక్కడ కార్పొరేషన్ కొలనులో మొదలుపెట్టిన ఈత ఇక్కడ క్లబ్బులో కొనసాగిస్తున్నాడన్నావు. "ఈత మీద ఫుల్ స్కాలర్‌షిప్ వస్తే కాలేజీ ఫీజుల బెంగ తీరిపోతుంది, ఎవరిని పట్టుకోవాలి" అని అడిగావు. ఆ "ఎవరిని పట్టుకోవాలి" దగ్గర నాకు నవ్వొచ్చింది. ఏమీ అనుకోకు, కొత్తల్లో మేమూ అదే అడిగాం. అడిగినవాళ్లకల్లా డబ్బు కూడా కట్టాం.

మా అమ్మాయి ఇప్పుడు పెన్సిల్వేనియాలో ఒక చిన్న కాలేజీలో మూడో సంవత్సరం, బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదుతుంది. కాకినాడ నుంచి వచ్చిన మా ఇంటావంటా ఎవరికీ ఈత రాదు. మా నాన్నగారు గోదావరి పుష్కరాలకి వెళ్లినా చెంబుతోనే స్నానం. అలాంటి ఇంట్లో పిల్ల కాలేజీ జట్టులో ఈదుతోందంటే అది మామూలు సంగతి కాదని నేను అనుకుంటాను, నువ్వూ అనుకో.

నా దగ్గర ఒక నీలం అట్ట నోటుబుక్కు ఉంది. పిల్లకి తొమ్మిదేళ్లప్పటి నుంచి పన్నెండో గ్రేడు దాకా ఈతకైన ప్రతి డాలరూ అందులో రాశాను. క్లబ్బు ఫీజులు, మీట్ అనే ఈత పోటీల ఎంట్రీలు, హోటళ్లు, కళ్లద్దాలు, పెట్రోలు, తెల్లారి నాలుగున్నరకి కారులో తినడానికి కొన్న అరటిపళ్లతో సహా. మొత్తం అరవై ఒక్క వేల చిల్లర తేలింది. మావారికి ఆ అంకె ఇప్పటికీ చెప్పలేదు. ముందు నువ్వూ ఒక నోటుబుక్కు కొనుక్కో. వచ్చే డబ్బు గురించి అడిగేవాళ్లే తప్ప పోయే డబ్బు గురించి అడిగేవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

ఫుల్ స్కాలర్‌షిప్ సంగతి చెబుతాను. ఇక్కడ కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ. అది కాలేజీల్ని మూడు డివిజన్లు చేసింది, వన్ అన్నిటికంటే పై స్థాయి. మా అమ్మాయి రోజుల్లో డివిజన్ వన్‌లో ఆడపిల్లల జట్టుకి పద్నాలుగు స్కాలర్‌షిప్పులు, మగపిల్లలకి 9.9. జట్టులో ముప్పై మంది ఉంటే కోచ్ ఆ తొమ్మిది చిల్లరని ముక్కలు చేసి పంచేవాడు. పెళ్లి భోజనాల్లో చివరి బంతికి మిగిలిన కాజాల్లాగ, ఒకరికి సగం, ఒకరికి పావు, ఒకరికి పుస్తకాల ఖర్చు. 2025లో ఆటగాళ్ల కేసులో కోర్టు ఒప్పందం వచ్చాక ఆ లెక్క పోయింది. ఆ ఒప్పందంలో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్పుల సంఖ్యకి హద్దు లేదు, దాని బదులు జట్టుకి ముప్పై మంది అని హద్దు పెట్టారు. ఎస్ఈసీ అనే కాలేజీల కూటమి, అంటే కాన్ఫరెన్స్‌లో మగపిల్లల జట్టుకైతే ఇరవై రెండే. కాగితం మీద ముప్పై మందికీ పూర్తిగా ఇవ్వచ్చు. కానీ ఇచ్చేందుకు డబ్బెక్కడిది? అదంతా ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వైపు పోతోంది. ఈతకి మిగిలింది చోట్లలో కోత. ముప్పై దాటిన జట్లలో, ముఖ్యంగా మగపిల్లల జట్లలో, సొంత ఖర్చుతో చేరి ఈదుకునే పిల్లలకి ఒకప్పుడు దొరికిన చోటు ఇప్పుడు దొరకడం లేదు. డివిజన్ త్రీలో, హార్వర్డ్ లాంటి కాలేజీలున్న ఐవీ లీగ్‌లో ఆటకని ఒక్క డాలరు కూడా ఇవ్వరు, అది మొదటి నుంచీ ఉన్న నియమం. కాబట్టి "ఫుల్" అన్న మాట ముందు మనసులోంచి తీసేసెయ్.

ఈ సంగతి తెలియకే నేను చేసిన మొదటి తప్పు, పిల్లల వివరాలు కాలేజీ కోచ్‌లకి చేరవేసే ఒక రిక్రూటింగ్ సర్వీసుకి మూడు వేల రెండొందలు కట్టడం. పిల్ల తొమ్మిదో గ్రేడు. వాళ్లు ఒకే ఉత్తరాన్ని రెండొందల మంది కోచ్‌లకి పంపారు. వారం తిరక్కుండా రంగురంగుల మెయిళ్లు వచ్చిపడ్డాయి, "మీ అమ్మాయిని మా క్యాంపుకి ఆహ్వానిస్తున్నాం" అని. నేను పొంగిపోయి ఆ సంక్రాంతికి ఇంటికొచ్చిన నలభై మందికీ ఫోనులో చూపించాను. పెద్ద యూనివర్సిటీ వాళ్లు పిలుస్తున్నారన్నాను. నాలుగు రోజుల క్యాంపుకి తొమ్మిదొందలు కట్టి తీసుకెళితే అక్కడ నూట యాభై మంది పిల్లలున్నారు, అందరి తల్లుల ఫోనుల్లోనూ అదే ఆహ్వానం. ఆ వయసు పిల్లలతో కోచ్‌లు రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు, క్యాంపు కరపత్రం మాత్రం పంపచ్చు. ఆ ముక్క ఎన్‌సీఏఏ వెబ్‌సైట్‌లో ఊరికే దొరుకుతుంది. నేను నాలుగు వేల ఒక వంద పెట్టి నేర్చుకున్నాను.

రెండో తప్పు, ఉత్తరాలు నేను రాయడం. పిల్ల పేరుతో, పిల్ల మెయిల్ నుంచి, నేను. "గౌరవనీయులైన కోచ్ గారికి" అన్న ధోరణిలో ఒకటిన్నర పేజీ. వినయం, క్రమశిక్షణ, కూచిపూడి, మ్యాథ్స్ పోటీలో వచ్చిన కప్పు, అన్నీ. పదకొండు మందికి పంపితే ఒకే ఒక్కరు జవాబిచ్చారు, ఒకే ఒక్క వాక్యం: మీ అమ్మాయి నుంచి వినాలని ఉంది. నేను దాన్ని శుభవార్త అనుకుని చదివి వినిపించాను. పిల్ల మొహం ఎర్రగా అయిపోయింది. "అమ్మా, నువ్వు రాశావని ఆవిడకి తెలిసిపోయింది" అంది. ఆ రాత్రి తనే రాసింది, నాలుగు లైన్లు. పేరు, హైస్కూలు పూర్తయ్యే ఏడాది, యార్డుల్లో టైములు, జీపీఏ అనే మార్కుల సగటు, వచ్చే నెల ఏ మీట్‌లో ఈదుతుందో. నేను పక్కన కూర్చుని "కూచిపూడి రాయవే" అంటూనే ఉన్నాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. మీవాడి చేత రాయించు. నువ్వు స్పెల్లింగ్ కూడా దిద్దకు.

యార్డులంటే గుర్తొచ్చింది. మీవాడు వంద ఫ్రీస్టైల్ యాభై ఆరు సెకన్లు అని రాశావు. ఏ కొలనులో? ఇక్కడ కాలేజీ ఈతలన్నీ ఇరవై ఐదు గజాల కొలనులో, అంటే 22.86 మీటర్లు. యాభై మీటర్ల కొలనులో యాభై ఆరు ఈదితే అది యార్డుల్లో దాదాపు నలభై తొమ్మిది. అదే యార్డుల్లోనే యాభై ఆరైతే, చెప్పడానికి బాధగానే ఉంది, ఇంకా చాలా దూరముంది. మేం ఒక వేసవి అంతా మీటర్ల టైములు ఏ కొలనువో రాయకుండా పంపి, పిల్ల నెమ్మది అని అందరికీ మేమే చాటుకున్నాం. టైము పక్కన కొలను రాయాలి. తర్వాత మీకు నచ్చిన కాలేజీ ఏ కాన్ఫరెన్స్‌లో ఉందో చూసి, ఆ కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్ ఫలితాలు తెరవండి. మీవాడి టైము అక్కడ పాయింట్లొచ్చే స్థానాలకి దగ్గరగా ఉంటే కోచ్ మాట్లాడతాడు. లేకపోతే నువ్వెంత బాగా రాసినా మాట్లాడడు. స్విమ్‌క్లౌడ్ వెబ్‌సైట్‌లో ఇవన్నీ కనిపిస్తాయి, మూడు వేలు కట్టక్కర్లేదు.

పదో గ్రేడు అయ్యాక జూన్ 15 నుంచి డివిజన్ వన్ కోచ్‌లు పిల్లలకి ఫోన్ చెయ్యచ్చు. 2021లో ఆ ముందు రోజు రాత్రి మా ఇంట్లో ఎవరం పడుకోలేదు. పన్నెండు కొట్టగానే మోగుతుందని పిల్ల ఫోను డైనింగ్ టేబుల్ మీద ఛార్జింగ్‌కి పెట్టి కూర్చుంది. నేను పెసరట్ల పిండి రుబ్బుతున్నట్టు నటిస్తున్నాను. పన్నెండూ ఇరవైకి మెసేజ్ వచ్చింది. చూస్తే తన లేన్‌లో ఈదే స్నేహితురాలు, "నాకు మూడొచ్చాయి, నీకో?" అని. ఒంటిగంటకి ఫోను బోర్లా పెట్టేసి పైకి వెళ్లిపోయింది. తనకి మొదటి ఫోను ఆగస్టులో వచ్చింది. ఆ రాత్రికి మీవాణ్ణి ముందే సిద్ధం చెయ్. ఆ రోజు మోగే ఫోనులు ఏ కొద్దిమందికో. మిగతావాళ్లు తామే రాసి, తామే అడగాలి.

ఇక టెక్ సూట్. దాని గురించి రాయకపోతే నా నోటుబుక్కు నన్ను క్షమించదు. పెద్ద మీట్‌లకి వేసుకునే బిగుతు సూటు, నాలుగొందల డాలర్లు. పదకొండో గ్రేడులో పెద్ద మీట్‌కి తీసుకెళ్లాను. ఆడవాళ్ల గదిలో తడి బెంచీ మీద పిల్ల, మోకాళ్ల దాకా ఎక్కిన సూటు. ఇరవై నిమిషాలుగా అంగుళం అంగుళం జరుపుతోంది. "గోళ్లు తగలనివ్వకు, వేళ్ల కొసలతో లాగు" అని పిల్ల చెబుతూనే ఉంది. నాకు కంగారు, తను ఈదే హీటు (పోటీలో ఒక వంతు) పిలిచేస్తారేమోనని. తుంటి దగ్గర పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. నా బొటనవేలి గోరు. 'టప్' అని చిన్న చప్పుడు, అంతే. వేలెడంత చీలిక. పిల్ల ఒక్క మాట కూడా అనలేదు, పాత సూటు వేసుకుని వెళ్లింది. ఆ రోజు తన బెస్ట్ టైము ఈదింది. అలాగని నాలుగొందలు తిరిగి రాలేదనుకో.

చివరికి ఎలా తేలిందో అంకెల్లో చెబుతాను, నీకు కావలసింది అదే కదా. పక్క రాష్ట్రంలో ఒక డివిజన్ వన్ యూనివర్సిటీ ఈత మీద పదిహేను శాతం ఇస్తానంది. ఏడాదికి యాభై రెండు వేలలో ఏడు వేల ఎనిమిదొందలు. నేను ఎగిరి గంతేశాను, "స్కాలర్‌షిప్" అని ఊళ్లో చెప్పుకోవచ్చు కదా. అదే సమయంలో ఈ చిన్న డివిజన్ త్రీ కాలేజీ కోచ్, పదకొండో గ్రేడు అయ్యాక జూలైలో, పిల్ల మార్కులు అడ్మిషన్ ఆఫీసుకి పట్టుకెళ్లి చూపించింది. దరఖాస్తుకి ముందే సీటొచ్చే వీలుందో లేదో చూడడమన్నమాట, ప్రీ-రీడ్ అంటారు. డెబ్బై ఆరు వేల కాలేజీ, ఈతకి సున్నా, చదువుకి ముప్పై నాలుగు వేలు. అంటే ఒక చోట కట్టాల్సింది నలభై నాలుగు వేల రెండొందలు, ఇంకో చోట నలభై రెండు వేలు. పైకి ఖరీదుగా కనిపించిందే చౌక. ఈత తలుపు తీసింది, డబ్బు అల్జీబ్రా తెచ్చింది. అందుకే మీవాడు రెండు పూటలా ప్రాక్టీసుకి వెళ్లి హోంవర్క్ వదిలేస్తుంటే, నా లెక్కలో వాడు నష్టాల్లో ఉన్నట్టే.

ఒక మెలిక ఉంది. అలాంటి కాలేజీల్లో కోచ్ సాయం చేసేది ఎక్కువగా ముందుగా పెట్టే దరఖాస్తులో, అంటే ఎర్లీ డెసిషన్‌లో. అందులో సీటొస్తే చేరి తీరాలి, ఇంకోచోటి అంకె చూపించి బేరమాడే వీలు లేదు. కాబట్టి డబ్బు మాట ముందే ఎత్తాలి. మనవాళ్లకి అదే సిగ్గు. పెళ్లిచూపుల్లో కట్నం అడిగినట్టుంటుందని మావారు నోరెత్తలేదు, చివరికి నేనే అడిగాను. "దరఖాస్తుకి ముందే ఆర్థిక అంచనా ఇప్పించగలరా" అని. కోచ్ మామూలుగా సరే అంది, రోజూ అడిగేదేగా అన్నట్టు.

మీది హెచ్1బీ ఉద్యోగ వీసా, వాడిది దాని మీద ఆధారపడ్డ హెచ్4 అన్నావు. ఫ్యాఫ్సా అనే దరఖాస్తు మీద వచ్చే ప్రభుత్వ సాయం మీకు రాదు. ఆట మీదో చదువు మీదో కాలేజీ సొంతంగా ఇచ్చేది రావచ్చు. కానీ చాలాచోట్ల హెచ్4 పిల్లల్ని విదేశీ విద్యార్థుల లెక్కలోనే చూస్తారు, అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం అక్కడ తగ్గుతుంది. ఇది కోచ్‌కి మొదటి రెండు మూడు మాటల్లోనే చెప్పేయించు, దాచకు. ఇరవై ఒకటి నిండితే హెచ్4 ఉండదు, కాలేజీ మధ్యలో ఎఫ్1 విద్యార్థి వీసాకి మారాలి. మిగతావి లాయర్‌ని అడుగు, దానికి పెట్టే డబ్బు మాత్రం నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాయక్కర్లేదు.

నువ్వు అడగనిది ఒకటుంది, నాకు తోచినంతవరకు అదే అన్నిటికంటే తొందర. డివిజన్ వన్, టూ కావాలంటే ఎన్‌సీఏఏ అర్హతకి తొమ్మిదో తరగతి నుంచి మార్కులు చూపించాలి. మీవాడు తొమ్మిది విజయవాడలో చదివాడు. ఆ ఏడాది మార్కుల పత్రం, స్కూలు ముద్రతో, హెడ్‌మాస్టర్ సంతకంతో కావాలి. పదో తరగతి పబ్లిక్ పరీక్ష కాదు కాబట్టి బోర్డు దగ్గర దొరకదు, ఆ స్కూలు వాళ్లే ఇవ్వాలి. ఈ వారమే మీ నాన్నగారికి ఫోన్ చేసి పంపించు. రెండు కాపీలు తీసుకోమను. వేసవి సెలవులు మొదలైతే ఆఫీసులో గుమాస్తా దొరకడు.