ముందు ఆ డబ్బా పీకు తమ్మీ

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. సెకండ్‌హ్యాండ్‌ల స్పోర్ట్స్ కారు కొన్న. నార్కట్‌పల్లి రోడ్డు మీద పోతుంటే మీటర్ల ఏబీఎస్ (బ్రేకులది), స్టీరింగ్ లైట్లు ఒక్కసారే వెలుగుతయి, కాసేపటికి ఆరిపోతయి. నాలుగు రోజులు తీయకుంటే బ్యాటరీ డౌన్. కొత్త బ్యాటరీ వేసినా అంతే. ఏం చేయాలె?

జవాబు: తమ్మీ, స్టీరింగ్ కింద మోకాలికి దగ్గరల చెయ్యి పెట్టి చూడు. మెకానిక్ స్కానర్ పెట్టే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌ల అగ్గిపెట్టెంత డబ్బా ఉన్నదా? ఫోన్‌ల స్పీడు, టెంపరేచర్ చూసుకునేందుకు పాత ఓనర్ పెట్టి ఉంటడు. పోయిన ఎండకాలం మా షెడ్డుకొచ్చిన కారుల ఇట్లనే దొరికింది. తాళం వేసినంక కూడా దాని నీలం లైటు మిణుకుమిణుకుమంటనే ఉండె.

ఆ సాకెట్‌ల 16వ పిన్నుకు కరెంటు ఎప్పుడూ ఉంటది. 6, 14 పిన్నులు క్యాన్ తీగెలు. చాలా కార్లల ఇంజిన్, బ్రేకు కంప్యూటర్లు మాట్లాడుకునేది వాటి మీదనే. నాసిరకం డబ్బా నడుమ దూరి ప్రశ్నలేస్తుంటే ఆ మాటలు తప్పుతయి, లైట్లు వెలుగుతయి. తాళం వేసినంక కంప్యూటర్లను నిద్రపోనియ్యదు. అర ఆంపియర్ గుంజినా రోజుకు 12 ఆంపియర్ అవర్లు. అట్లయితే 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయిదు రోజులల్ల ఖాళీ. పాపం, దండగ ఖర్చు పెట్టినవ్.

డబ్బా పీకి, తాళం వేసి, గంట ఆగు. బ్యాటరీకి మీటర్ పెట్టిస్తే గుంజే కరెంటు 50 మిల్లీఆంపియర్ల లోపే రావాలె. కంప్యూటర్ల పడ్డ తప్పుల కోడ్లు తుడిపించి వారం నడుపు. ఏబీఎస్ లైటు మళ్లొస్తే మాత్రం ఆలస్యం చేయకు, చక్రాల సెన్సార్లు చూపియ్యి.