రాయిని చదవడం ఊళ్లోనే మొదలుపెట్టి రండి

సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చినప్పుడల్లా నన్ను కలిసేవారి సందేహాలు చాలావరకు కంప్యూటర్ చదువుల గురించే ఉంటాయి. ఈసారి చీపురుపల్లి నుంచి ఒక తండ్రి కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. "మా అమ్మాయి బీఎస్సీ జియాలజీ చివరి సంవత్సరంలో ఉంది బాబూ. పైచదువుకు ఆస్ట్రేలియా వెళ్తానంటోంది. రాళ్ల చదువుకు అక్కడైనా కూడు దొరుకుతుందా?" అని అడిగారు. గంటసేపు మాట్లాడినా చెప్పాల్సింది చాలా మిగిలిపోయింది. పెర్త్‌లో పదిహేడేళ్లుగా ఆ పనిలోనే ఉన్నాను కనుక ఆ అమ్మాయికీ, అదే ఆలోచనతో ఉన్న మిగతా పిల్లలకూ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కూడు దొరుకుతుంది. అయితే ఆ చదువు ఏ పనికి దారి తీస్తుందో తెలుసుకోకుండా విమానం ఎక్కకండి. జియాలజీ అనగానే మనవాళ్లకు గని ఒక్కటే గుర్తొస్తుంది. కొత్త నిక్షేపం కోసం ఎడారిలో వెతికేవారు వేరు, నడుస్తున్న గనిలో ఏ రాయి లోహం తీసే మిల్లుకు వెళ్లాలో ఏది చెత్తకుప్పకు వెళ్లాలో తేల్చేవారు వేరు. భూగర్భ జలాలు చూసేవారు, వాలు జారకుండా గని గోడలను పరీక్షించేవారు, భూమిలోకి తరంగాలు పంపి లోపలి పొరలను పసిగట్టే జియోఫిజిక్స్ వారు, పాడైన నేలను శుభ్రం చేయించే పర్యావరణ నిపుణులు, అందరూ ఈ చదువు నుంచే వస్తారు. పిల్బరా ఇనుము, కాల్గుర్లీ బంగారం ఉన్న పశ్చిమ ఆస్ట్రేలియాలో కొత్తవారికి ఎక్కువగా దొరికేది గనుల పనే.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. రిగ్గు బోరు వేస్తుంటే ఒత్తిడి గాలికి రాతి ముక్కలు గొట్టంలోంచి పైకి వస్తాయి. మీటరుకు ఒక సంచి. ప్రతి సంచిలోంచి కాస్త తీసి, జల్లెడలో కడిగి, ఇరవై గళ్ల పెట్టెలో వరసగా పోసి, రంగు, ఖనిజాలు, గట్టిదనం రాసుకోవాలి. రోజుకు పన్నెండు గంటలు ఇదే. చేరిన రెండో వారంలో నేను 14వ మీటరు సంచి మీద 15 అని రాశాను. అక్కడి నుంచి బోరు అడుగు వరకు అన్నీ ఒక మీటరు కిందికి జరిగాయి. మా బృందం పెద్దాయన ఒక్క మాట కూడా అనకుండా పక్కన కూర్చుని, చీకటి పడేదాకా సంచులన్నీ నాతో మళ్లీ సరిచూయించారు. బంగారం పొర ఒక మీటరు మందమే ఉండే చోట ఆ తప్పు అలాగే పోయి ఉంటే, తవ్వేవారు చెత్తరాయిని మిల్లుకు పంపి అసలు రాయిని పారేసేవారు. అందుకే పిల్లలకు సాఫ్ట్‌వేర్ నేర్చుకోమని చెప్పేముందు చేతిరాతతో నోటుబుక్కు శుభ్రంగా రాయడం నేర్చుకోమంటాను.

గనులు ఊళ్లకు చాలా దూరం. విమానంలో తీసుకెళ్తారు, శిబిరంలో ఉంచుతారు. ఎనిమిది రోజులు పని, ఆరు రోజులు ఇల్లు అన్నది ఒక పద్ధతి. రెండు వారాలు పని, ఒక వారం ఇల్లు అన్నది మరొకటి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, సంక్రాంతి ఆ పట్టికను బట్టే ఉంటాయి. నా కూతురు మొదటి అడుగు వేసినప్పుడు నేను ఇంట్లో లేను. ఆ లోటు ఇప్పటికీ ఉంది, దాన్ని మీ దగ్గర దాచలేను.

ఆడపిల్ల తండ్రిగా ఆయన అడగలేక ఆగిపోయిన ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. గనుల శిబిరాల్లో మహిళలపై వేధింపుల మీద పశ్చిమ ఆస్ట్రేలియా పార్లమెంటు విచారణ జరిపి 2022లో నివేదిక ఇచ్చింది. అందులోని సంగతులు బాధ కలిగించేవే. ఆ తర్వాత కంపెనీలు గదుల తాళాలు, దారి దీపాలు, ఫిర్యాదుల ఏర్పాట్ల మీద శ్రద్ధ పెట్టాయి. మా బృందంలో ఆడపిల్లలు ధైర్యంగా, చక్కగా పని చేస్తున్నారు. అయినా ఉద్యోగం ఇస్తామన్నప్పుడు "శిబిరంలో భద్రత ఎలా ఉంటుంది, ఫిర్యాదు ఎవరికి చేయాలి?" అని మొహమాటం లేకుండా అడగమనండి. అది అడిగినందుకు ఉద్యోగం ఇవ్వనివారి దగ్గర అసలు చేరనవసరం లేదు.

వచ్చేముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గేర్లు మార్చే జీపు నడపడం బాగా వచ్చి ఉండాలి. ఫీల్డు పనికి డ్రైవింగ్ లైసెన్సు లేకపోతే చాలా చోట్ల దరఖాస్తే చూడరు. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ తీసుకోండి. గనిలో వైద్య పరీక్షతో పాటు మద్యం, మత్తుమందుల పరీక్షలు కూడా ఉంటాయి. చదువు సాగే రోజుల్లో విద్యార్థులు పక్షానికి 48 గంటలకు మించి పని చేయకూడదు, కాబట్టి ఫీజంతా ఆస్ట్రేలియాలోనే సంపాదించి కట్టుకోవచ్చని లెక్క వేసుకోకండి. పరిశోధన లేకుండా తరగతుల్లో చదివే మాస్టర్స్‌కు ఫీజు పెద్దది. పరిశోధన డిగ్రీలకు విదేశీ విద్యార్థులకు కూడా ఉపకార వేతనాలున్నాయి. మార్కులు బాగుండి, ఓపిక ఉన్నవారు ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి, ఆ తర్వాత పరిశోధనకు రావడం మంచి దారి. వీసా సంగతి ఏజెంటు నోట వినకండి. నాకు ఒక ఏజెంటు సంబంధం లేని కోర్సు అంటగట్టబోయాడు. ఇక్కడ జియాలజిస్టుల అర్హతను మదింపు చేసే సంస్థ వెటాసెస్. ఏ డిగ్రీని ఒప్పుకుంటారో వారి నిబంధనల్లోనే చదవండి.

ఈ రంగంలో ధరలు పడిపోతే ఉద్యోగాలూ పోతాయి. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ధర సున్నా కంటే కిందికి దిగింది. 2024లో నికెల్, లిథియం ధరలు పడిపోయి ఇక్కడ గనులు ఆగాయి. ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా ఇల్లు కొనకండి, ఇండియాలో అప్పు ఉంటే ముందు తీర్చండి. ఒకే లోహానికి అతుక్కుపోకుండా నీటి పని కూడా కొంత నేర్చుకోండి.

అమెరికాలో మాస్టర్స్‌కు బోధన, పరిశోధన సహాయకులుగా జీతంతో చదివే అవకాశం ఎక్కువ. అక్కడ చాలా రాష్ట్రాల్లో, కెనడాలో జియాలజిస్టుకు లైసెన్సు కావాలి. ఆస్ట్రేలియాలో జోర్క్ నియమావళి ఉంది. ఒక నిక్షేపంలో ఇంత ఖనిజం ఉందని కంపెనీ ప్రకటించాలంటే, ఆ రకం నిక్షేపం మీద కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న నిపుణుడి బాధ్యత మీద ఆ లెక్క ఉండాలి. 1990లలో బ్రే-ఎక్స్ అనే కెనడా కంపెనీ ఇండోనేషియాలోని బుసాంగ్‌లో కొండంత బంగారం ఉందని చెప్పింది. నమూనాల్లో బయటి బంగారం కలిపారని 1997లో తేలేసరికి ఎంతోమంది కూడబెట్టుకున్న డబ్బు పోయింది. మన సంతకాన్ని నమ్మి ఎక్కడో ఒక పింఛనుదారు షేర్లు కొంటారు. జీతం కంటే ముందు ఆ బరువు గురించి ఆలోచించాలి.

నా మొదటి ఇంటర్వ్యూలో మార్కుల గురించి అడగలేదు. "మీ ఊరి దగ్గర ఏ రాళ్లున్నాయి?" అన్నారు. గరివిడి వాడిని. మాంగనీసు కుప్పల పక్కన ఆడుకుంటూ పెరిగాను. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మన విజయనగరం ప్రాంతంలోనే మొదలైందని, కోడూరు పేరు మీద 'కోడూరైట్' అని ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక రాయికి పేరు పెట్టాడని చెప్పాను. చేతికి అంటుకునే నల్లమసిని బట్టి ఏ ఖనిజమో ఎలా ఊహించేవాళ్లమో చెప్పాను. వారికి పిల్బరాలో ఒక మాంగనీసు ప్రాజెక్టు ఉందని తర్వాత తెలిసింది.

కళింగపట్నం తీరంలో అల వెనక్కి పోయాక మిగిలే నల్లటి, ఎర్రటి ఇసుక గీతలను చూశారా? అవి ఇల్మెనైట్, గార్నెట్. తూర్పు కనుమల ఖోండలైటు రాళ్లు అరిగితే గార్నెట్, సిల్లిమనైట్ వదులవుతాయి. నాగావళి, వంశధార వాటిని మోసుకొస్తాయి. అలలు తేలిక ఇసుకను కడిగేసి బరువైనదాన్ని ఒడ్డున వదులుతాయి. పెర్త్‌కు ఉత్తరాన ఇనీబాలో పాత సముద్రతీరాల ఇసుక నుంచి ఇల్మెనైట్, జిర్కాన్ తీసేవారు. ఆ ఇసుకను అలా వేరు చేసి పెట్టింది కూడా అలలే. మన కనుమల్లోని చార్నకైటు అనే రాయికి జత రాళ్లు అంటార్కిటికాలో ఉన్నాయి, ఒకప్పుడు రెండూ ఒకే నేల కనుక.

ఇక ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంతవరకు తేలలేదు. హిరమండలం నుంచి గొట్టాల్లో నీళ్లు వచ్చాయి, మంచిదే. అయినా ఆ నేలకింద నీరు ఏ రాయిలోంచి ఎలా కదులుతోందో ఊరూరా, ఏళ్ల తరబడి కొలిచేవాళ్లు కావాలి. భూగర్భ జలం మీద ఎక్కువగా ఆధారపడే పెర్త్‌లో ఆ కొలతలు ఎలా చేస్తారో నేర్చుకుని వెనక్కి వచ్చే పిల్లలు ఉంటే నా అంత సంతోషించేవారు ఉండరు. ఇంటి దగ్గరే ఉండదలిచినవారికి యూపీఎస్సీ నడిపే జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది. జియాలజికల్ సర్వే, కేంద్ర భూగర్భ జల మండలి, రెండింటికీ దారి అదే.

చీపురుపల్లి అమ్మాయికి ఒక పని అప్పగించాను. ఫిబ్రవరి ప్రవేశానికి ఇంకా సమయం ఉంది. ఒక సుత్తి, ఒక భూతద్దం, ఒక దిక్సూచి తీసుకుని, నాన్నగారిని వెంటబెట్టుకుని గరివిడి, కళింగపట్నం, అనుమతి దొరికితే టెక్కలి గ్రానైటు క్వారీ చూడాలి. ఒక్కో చోట ఒక్కో పేజీ రాసి, బొమ్మ గీసి, ఫోనులో ఫొటో పంపమన్నాను. మొదటి పేజీ నిన్న రాత్రి వచ్చింది. బొమ్మలో కొలమానం గీయడం మరిచిపోయింది, దిక్కు మాత్రం సరిగ్గా గుర్తించింది.